చెంపమీద లేని మచ్చ

బడిలో అందరూ ఆమెను "స్టూడియో" అనేవాళ్ళు. ఇంట్లో మాత్రం చిట్టి. బస్‌స్టాండు నుంచి బడికి వెళ్ళే వీధిలో, చెప్పుల షాపుకీ గొడుగులు బాగుచేసే కొట్టుకీ నడుమ ఇరుక్కుని ఉండేది వాళ్ళ నాన్న ఫోటో స్టూడియో. ముందు గదిలో గాజు బల్ల, దాని వెనక కుర్చీలో వాళ్ళమ్మ. ఫోటోలు కత్తిరించడం, కవర్లలో పెట్టడం, వచ్చినవాళ్ళ చేత వీధి కబుర్లన్నీ చెప్పించుకోవడం ఆవిడ పని. వెనక గదిలో నీలం తెర, గుండ్రటి స్టూలు, రెండు గొడుగు లైట్లు. ఈ రెండు గదుల మధ్యా ఒక మనిషి మాత్రమే పట్టే సందులో కంప్యూటరు. చిట్టి పెరిగిందంతా ఆ సందులోనే.

అక్కడ కూర్చుని ఆమె చిన్నప్పుడే ఒక సంగతి గమనించింది. ఆ స్టూలు మీద కూర్చున్నవాళ్ళలో తన మొహం తనకు నచ్చినవాళ్ళు దాదాపు లేరు. బ్యాంకు గుమాస్తా తన చెవులు చూసుకుని నిట్టూర్చేవాడు. పెళ్ళి కావలసిన అమ్మాయిలు గడ్డం పైకెత్తాలా కిందికి దించాలా అని పదిసార్లు అడిగేవాళ్ళు. ఒక్క ట్రాఫిక్ పోలీసాయన మాత్రం ఫోటో చేతిలోకి తీసుకుని, మీసం దువ్వుకుని, "అదీ!" అని వెళ్ళిపోయాడు. ఆయన గురించి వాళ్ళింట్లో చాలా ఏళ్ళు చెప్పుకుని నవ్వుకున్నారు.

చిట్టి సంగతి చెప్పనే అక్కర్లేదు. పదో తరగతికొచ్చేసరికి నుదుటిమీదా బుగ్గలమీదా మొటిమలు విరగబడి పూశాయి. దానికి తోడు వాళ్ళ నాన్నది పొడుగాటి ముక్కు. అది అచ్చంగా ఆమెకు వచ్చింది. అద్దం కనపడితే తల తిప్పుకునేది. బడికి వెళ్ళే దారిలో కార్ల అద్దాలు, షాపుల అద్దాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆమెకు కంఠతా వచ్చు, వాటిని తప్పించుకోవాలి కాబట్టి.

ఆమెకున్న ఒకే ఒక్క ప్రాణస్నేహితురాలు మందుల షాపాయన కూతురు. నోరు మూతపడేది కాదని లెక్కల మేడమ్ ఆ పిల్లకు "వసపిట్ట" అని పేరు పెట్టింది. అదే స్థిరపడిపోయింది. వసపిట్టకు పుట్టుకతోనే ఎడమ కణత దగ్గర్నుంచి దవడ దాకా ముదురు ఎరుపు మచ్చ ఉంది, ఎవరో తడి రంగు చేత్తో చెంప నిమిరి వెళ్ళినట్టు. కొత్తవాళ్ళు గుడ్లప్పగించి చూస్తే, "టిక్కెట్టు కొన్నారా?" అని అడిగేది. వాళ్ళు తెల్లమొహం వేసేవాళ్ళు. చిట్టి కడుపు పట్టుకుని నవ్వేది. మూడో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ, వసపిట్టకు ఎడమ పక్కన చిట్టి. సగం తిన్న బ్రెడ్డు ముక్క కూడా అడగకుండా ఒకళ్ళ చేతిలోంచి ఒకళ్ళు లాక్కునేంత దగ్గర.

ఆ ఏడాది చివర బడివాళ్ళు పదో తరగతి పిల్లలందరికీ వీడ్కోలు ఫోటోలు తీసే పని చిట్టి వాళ్ళ నాన్నకు ఇచ్చారు. నలభై ఒక్కమంది. ఆయన రెండు రోజుల్లో అందరినీ తీసి, పేర్లు సరిచూసుకోవడానికి చిన్న చిన్న బొమ్మలతో ప్రూఫు కాగితాలు వేశాడు. ఒక కాగితం ఎక్కువైతే, ఆ సాయంత్రం స్టూడియోలో కూర్చుని ఉన్న వసపిట్ట దాన్ని పట్టుకుని, చిట్టి వాళ్ళమ్మ దగ్గరున్న వంకర అంచు కత్తెరతో తనదీ చిట్టిదీ బొమ్మలు కత్తిరించుకుని పెన్సిలు డబ్బాలో దాచుకుంది.

"నాది ఎందుకే, మొహమంతా మొటిమలు," అంది చిట్టి.

"నీ మొటిమలు లెక్కపెట్టుకుంటే లెక్కల పరీక్షకి ప్రాక్టీసు అవుతుందిలే," అంది వసపిట్ట.

నాన్న వేరే ఊళ్ళో పెళ్ళి ఫోటోలు తియ్యడానికి వెళ్తూ, ఫోటోలకు మెరుగులు దిద్దే పని చిట్టికి అప్పగించాడు. ఆమెకు ఆ పని చేతనవును. "గుర్తుంది కదా," అన్నాడు బ్యాగు సర్దుకుంటూ. "వారంలో పోయేది తీసెయ్. మొటిమ, గాటు, కందిపోయిన చోటు. ఉండిపోయేది ముట్టుకోకు. పుట్టుమచ్చ తీసేస్తే ఆ మనిషిని వాళ్ళింటి కుక్క కూడా గుర్తుపట్టదు."

ఆదివారం పొద్దున్నే కూర్చుంది చిట్టి. మధ్యాహ్నానికి ముప్ఫై తొమ్మిది అయ్యాయి. మిగిలింది తనదీ వసపిట్టదీ. ముందు తనది తెరిచింది. మొటిమలు ఒక్కొక్కటే పోతుంటే ఎండాకాలంలో చన్నీళ్ళు పోసుకున్నంత హాయిగా ఉంది. అన్నీ పోయాక కూడా చెయ్యి ఆగలేదు. ముక్కును రెండు పక్కలా కొంచెం నొక్కింది. ఇంకొంచెం. కాస్త పొట్టి చేసింది. తెరమీద ఉన్న అమ్మాయిని చూసి ఆమెకు కళ్ళు చెమర్చాయి.

తనకింత సుఖమిచ్చింది స్నేహితురాలికి ఇవ్వకపోతే ఎలా అనిపించింది. వసపిట్ట ఫోటో తెరిచి, ఎడమ చెంపను తెర నిండా పట్టేంత పెద్దది చేసింది. కుడి చెంప చర్మాన్ని కొంచెం కొంచెంగా తీసుకొచ్చి మచ్చమీద అద్దుకుంటూ పోయింది. చెవి దగ్గర రంగు కలవకపోతే మళ్ళీ మొదలుపెట్టింది. మూడు గంటలు పట్టింది. చివరికి ఎంత బాగా కుదిరిందంటే, పని చేసిన ఆమే ఎక్కడ చేసిందో కనుక్కోలేకపోయింది. రేపు ఇది చూసి వసపిట్ట ఎగిరి మెడకు చుట్టుకుంటుందని తలుచుకుని ఒక్కతే నవ్వుకుంది. ఆ రాత్రే అందరి ఫోటోలూ, గ్రూపు ఫోటో, అందరి చిన్న బొమ్మలూ ఉన్న కార్డూ ప్రింటు తీసి కవర్లలో పెట్టేసింది.

సోమవారం లెక్కల మేడమ్ ఒక్కొక్కరినీ పిలిచి కవర్లు పంచింది. వసపిట్ట కవరు ఇస్తూ, కవరుకున్న కిటికీలోంచి చూసి, "అబ్బో, ఎవరమ్మా ఈ హీరోయిను!" అంది. తరగతి మొత్తం మెడలు సాచి చూసింది. వసపిట్ట బెంచీకి వచ్చి ఫోటో బయటికి తీసింది. చాలాసేపు చూసింది. తిప్పి, వెనక రాసిన పేరు చదువుకుంది. మళ్ళీ ముందుకు తిప్పింది. తర్వాత కవర్లో పెట్టేసింది.

"ఎలా ఉందే?" అంది చిట్టి, ఆత్రం ఆపుకోలేక.

"బాగుంది."

"నచ్చలేదా ఏంటే?"

"బాగుందన్నా కదా."

మాటలో "ఒసే" లేదు, "ఏంటే" లేదు. ఏడేళ్ళలో చిట్టితో ఆ పిల్ల అలా మాట్లాడటం అదే మొదటిసారి. సాయంత్రం గేటు దగ్గర ఆగలేదు. మర్నాడు వచ్చేసరికి వసపిట్ట బ్యాగు వెనక బెంచీలో, వాలీబాల్ కెప్టెన్ పక్కన ఉంది.

అప్పట్నుంచి చిట్టికి అనుమానం పట్టుకుంది. అది పురుగులాంటిది; ఏ పుస్తకం తెరిచినా అందులోంచి బయటికొచ్చేది. కెప్టెన్‌తో దీనికెప్పటి స్నేహం? అంతకుముందు "ఆ జిరాఫీ" అని వెక్కిరించేది కదా? వాళ్ళిద్దరూ చెవులు కొరుక్కుంటుంటే ఎందుకు అటు నుంచి ఒక చూపు ఇటు వచ్చి వెళ్తోంది? చిట్టి నీళ్ళ కుళాయి దగ్గరికి వెళ్తే వాళ్ళ మాట ఆగిపోయేది. ఆగిపోయిన మాటలో తన పేరే ఉండి ఉంటుందని ఆమెకు గట్టి నమ్మకం.

అమ్మ ఆ నిప్పులో ఇంత నూనె పోసింది. "నేనెప్పుడో అనుకున్నా," అంది ఫోటోలు కత్తిరిస్తూ. "నీ ఫోటో అంత బాగా వచ్చేసరికి దాని కళ్ళు కుట్టి ఉంటాయి. ఇన్నాళ్ళూ నువ్వు దానికన్నా బాగుండవని ధీమా."

"దాని ఫోటో కూడా బాగా వచ్చిందమ్మా."

"బాగా వస్తే మాట్లాడకుండా ఉంటుందా? వసపిట్ట నోరు మూసిందంటే లోపల ఏదో వండుతోందన్నమాటే."

గురువారం పొద్దున బడి వరండాలో నోటీసుబోర్డు ముందు గుంపు. చిట్టి దగ్గరికి వెళ్తే గుంపు దారిచ్చింది, అది ఇంకా భయంకరం. బోర్డు మీద తన బొమ్మలు రెండు పక్కపక్కన అంటించి ఉన్నాయి. ఒకటి మొటిమలతో, ముక్కుతో. ఇంకొకటి నున్నటి మొహంతో. ఒకదాని కింద "ముందు" అనీ రెండోదాని కింద "తర్వాత" అనీ స్కెచ్‌పెన్నుతో రాసి ఉంది, మొహానికి పూసుకునే క్రీముల ప్రకటనల్లో లాగా. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "ఏయ్ తర్వాతా!" అని పిలిచారు. ఆ గంటలోనే ఆమెకు కొత్త పేరు ఖాయమైపోయింది.

చిట్టి రెండూ పీకేసి బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఏడుపు రాలేదు. స్టూడియోలో పుట్టిన పిల్ల కదా, బొమ్మలు పరీక్షగా చూసింది. "తర్వాత" బొమ్మ గ్రూపు ఫోటోతో పాటు అందరికీ ఇచ్చిన చిన్న ఫోటోల కార్డులోది. అది నలభై ఒక్కమంది దగ్గరా ఉంది. "ముందు" బొమ్మ అలా కాదు. దాని ఎడమ అంచున సన్నటి తెల్ల గీత ఉంది. ప్రూఫులు వేసిన రోజు వాళ్ళ ప్రింటరు అలాగే గీత పెట్టింది. చుట్టూ అంచు వంకరటింకరగా కత్తిరించి ఉంది. ఆ కత్తెర వాళ్ళ గాజుబల్ల మీద తప్ప ఇంకెక్కడా లేదు.

పెన్సిలు డబ్బా గుర్తొచ్చింది.

భోజనాల వేళ, తరగతి నిండుగా ఉండగా, వెనక బెంచీ దగ్గరికి నడిచింది. "నువ్వే కదా?"

వసపిట్ట తల ఎత్తలేదు.

"నిన్నే అడిగేది. నువ్వే కదా అంటించింది?"

కెప్టెన్ ఏదో అనబోయింది. చిట్టి వినిపించుకోలేదు. నాలుగు రోజులుగా లోపల కుళ్ళుతున్నదంతా ఒక్కసారి నోట్లోంచి వచ్చింది. "మూడు గంటలు కూర్చుని నీ మొహం బాగుచేశా! దాన్ని పెద్దది చేసుకుని, అంగుళం అంగుళం తుడిచి, మనిషి మొహంలా చేసి ఇచ్చా. దానికి నువ్వు చేసేది ఇదా?"

తరగతిలో చెంచాల చప్పుడు కూడా ఆగిపోయింది. వసపిట్ట పెన్సిలు డబ్బా బ్యాగులో పెట్టుకుంది. జిప్పు లాగింది. లేచి, చిట్టి పక్కనుంచే బయటికి నడిచి వెళ్ళిపోయింది. మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మరో నాలుగు రోజులకు పరీక్షల ముందు సెలవులిచ్చేశారు.

తప్పు తనదని చిట్టికి ఒక్కసారి కూడా తోచలేదు. ఉన్న భయమల్లా వసపిట్ట దగ్గర ఇంకేం ఫోటోలున్నాయో అని. చిన్నప్పటి నుంచీ కలిసి తీయించుకున్నవి లెక్కలేనన్ని. కెప్టెన్ సైకిలు స్టూడియో ముందునుంచి వెళ్తే పుస్తకం మూసి కిటికీ దగ్గరికి పరిగెత్తేది. మందుల షాపులోంచి ఏ పిల్ల బయటికొచ్చినా, దాని చేతిలో ఏముందో చూసేది. తలనొప్పి మాత్రలు కొనుక్కెళ్ళే లెక్కల మేడమ్‌ను కూడా అనుమానించింది.

ఒకరోజు పొద్దున ఆమె చదువుకుంటుంటే సందులోంచి నాన్న పిలిచాడు. "చిట్టీ, ఇలా రా. మందుల షాపాయనకి ఇంకో కూతురుందా?"

తెరమీద వసపిట్ట ఫోటో ఉంది. "ఎందుకు నాన్నా?"

"నిన్న వాళ్ళావిడ వచ్చి, గోడకు పెట్టుకునేంత పెద్దది చేసి, ఫ్రేము కట్టి ఇమ్మంది. తీరా తెరిస్తే ఈ అమ్మాయెవరో నాకు తెలీడం లేదు."

చిట్టి చెప్పింది. ఆయన కేకలెయ్యలేదు. వేసుంటే బాగుండేది.

"ఆ పిల్ల అడిగిందా నిన్ను?"

"లేదు."

"వాళ్ళమ్మ అడిగిందా?"

"లేదు నాన్నా. బాగుంటుందని..."

"ఎవరికి?"

ఆయన మౌసు కదిపి పక్క ఫోటో తెరిచాడు. అది ఆమెదే. కొంచెం దగ్గరికి జరిగి, కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. చూస్తూ చూస్తూ తన ముక్కును తనకు తెలీకుండానే రెండు వేళ్ళతో తడుముకున్నాడు.

"ఇందులో నా ముక్కేదే?" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ నవ్వు సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆ ముక్కు చిట్టి నాయనమ్మది, ఆవిడ నుంచి ఆయనకు, ఆయన నుంచి ఈమెకు. చిట్టికి నిలువునా సిగ్గేసింది. ఏదో చెప్పబోతే ఆయన చెయ్యి ఊపాడు. "ఆవిడ పెద్దది చెయ్యమంది, చేస్తా. కాదంటే ఏం చెప్పను? నువ్వే తీసుకెళ్ళి ఇయ్యి."

అంత సిగ్గులోనూ అనుమానం చావలేదు. రెండు రోజుల తర్వాత ఫ్రేము చంకలో పెట్టుకుని వెళ్తూ దారంతా అదే ఆలోచన. నచ్చకపోతే పెద్దది ఎందుకు చేయించుకుంటుంది? నచ్చే ఉంటుంది. పైకి కోపం, లోపల మురిపెం. తనకు థాంక్స్ చెప్పడానికి నామోషీ అయి ఈ నాటకమంతా ఆడి ఉంటుంది. ఇవాళ ఫోటో గోడమీదికి ఎక్కుతుంటే ఆ మురిపెం దాని మొహంలో పట్టుకోవచ్చు. అలా అనుకున్నాక కాళ్ళు కాస్త చురుగ్గా పడ్డాయి.

మందుల షాపు పైనే వాళ్ళిల్లు. తలుపు తీసిన వసపిట్ట వాళ్ళమ్మ, చిట్టికి ఆంటీ, ఆమెను చూసి పొంగిపోయింది. "రా తల్లీ, రా! నీ చేతులకి దండం పెట్టాలి." ఫ్రేముకు చుట్టిన కాగితం అక్కడే నిలబడి చింపేసింది. ముందు గది గోడకు మేకు సిద్ధంగా ఉంది. ఆ మేకు చుట్టూ గోడమీద ఐదారు చోట్ల రంగు వెలిసిపోని నలుచదరపు గుర్తులు. అక్కడ నిన్నమొన్నటి దాకా వసపిట్ట చిన్నప్పటి ఫోటోలుండేవి. చిట్టికి బాగా తెలుసు. సగం వాళ్ళ నాన్న తీసినవే.

ఆంటీ ఫ్రేము తగిలించి, వెనక్కి జరిగి చూసుకుంది. దగ్గరికెళ్ళి గాజుమీద ఆ ఎడమ చెంపను అరచేత్తో నిమిరింది. "నా బంగారుతల్లి ఇలా ఉండాల్సింది," అంది. ఆ గొంతులో ఏ చెడ్డతనమూ లేదు. ప్రేమే.

వంటింటి గుమ్మంలో వసపిట్ట నిలబడి ఉంది. ఎప్పట్నుంచి ఉందో.

కిందనుంచి షాపాయన దేనికో పిలిస్తే ఆంటీ, "మాట్లాడుకుంటూ ఉండండి, ఇప్పుడే వస్తా," అని దిగి వెళ్ళింది. గదిలో ఇద్దరు. కాదు, ఫోటోతో కలిపి ముగ్గురు.

"పాత ఫోటోలేవి?" అంది చిట్టి, ఇంకేం అనాలో తెలీక.

"బీరువా మీద. గుడ్డలో చుట్టి పెట్టింది."

"దీన్ని చెయ్యమన్నది నువ్వు కాదా?"

"నాకు నిన్న తెలిసింది. మా మామయ్యలందరికీ కూడా ఒక్కోటి పంపిస్తుందట." వసపిట్ట ఫోటో వైపు చూడకుండా మాట్లాడుతోంది. "ఆ సోమవారం నేను ఇంటికి రాగానే అమ్మ కవరు లాక్కుని చూసింది. ముద్దు పెట్టుకుంది. ఫోటోని."

చిట్టి అడిగింది. "బోర్డు మీద అంటించింది నువ్వేనా?"

"నేనే."

ఇన్నాళ్ళ అనుమానం నిజమని తేలాక తనకు సంతోషం కలగాలి. కలగలేదు. "ఎందుకే?"

"నీకెలా ఉంటుందో చూద్దామని. నీ మొహం ఇది, కానీ ఇలా ఉంటే బాగుండేది అని అందరిముందూ గోడకు పెడితే ఎలా ఉంటుందో."

"నేను మంచికే చేశానే."

"తెలుసు. చెడ్డకి చేసుంటే కొట్టి ఊరుకునేదాన్ని." వసపిట్ట గుమ్మంలోంచి కదల్లేదు. "నువ్వు ఏడేళ్ళు నాకు ఎడమ పక్కన కూర్చున్నావ్. మచ్చ వైపు. నేనేమనుకునేదాన్నో తెలుసా? అందరూ చూస్తారు, దీనికి మాత్రం కనపడదు అనుకునేదాన్ని. అంగుళం అంగుళం తుడిచానన్నావ్ కదా. అంటే అంగుళం అంగుళం చూస్తూనే ఉన్నావ్."

చిట్టి వంగి, ఆంటీ చింపి పడేసిన కాగితం ముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

"ఇంకోటి అడుగుతా. కెప్టెన్ ఒకసారి అంది, నా పక్కన నడిస్తే నీ మొటిమలు ఎవరూ చూడరనే నువ్వు నాతో తిరుగుతున్నావని. దాన్ని తిట్టా. అప్పుడు నమ్మలేదు. నిజమేనా?"

కాదు, అని వెంటనే అనాలి. అనడానికి నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే, బస్సు ఎక్కినప్పుడు జనం చూపు తనను దాటుకుని వసపిట్ట మీద వాలిన రోజులు, అలా వాలినప్పుడు తన ఒంట్లో పుట్టిన చిన్న తేలికదనం, అన్నీ కళ్ళముందు కదిలాయి. "కాదు," అంది. కానీ ఆ ఒక్క క్షణం ఆలస్యాన్ని వసపిట్ట చూసేసింది.

"సరే, వెళ్ళు," అంది.

పరీక్షల్లో ఇద్దరికీ వేరు వేరు గదులు పడ్డాయి. తర్వాత వసపిట్ట మందుల చదువు చదవడానికి వేరే ఊరు వెళ్ళిపోయింది. చిట్టి ఊళ్ళోనే డిగ్రీ చదివింది. ఆమెకు తర్వాత స్నేహితులు లేకపోలేదు, కానీ ఎవరితోనూ స్థిమితంగా ఉండలేకపోయేది. ఇది నా పక్కన ఎందుకుంది, నేను దీని పక్కన ఎందుకున్నాను అని లోపల ఒక ఆరా నడుస్తూనే ఉండేది. ఎవరైనా "నీ జుట్టు బాగుందే" అంటే, బాగాలేనిది ఏమిటో చెప్పకుండా దాటేస్తున్నారని అనుకునేది. అబ్బాయిలు మెచ్చుకుంటే మరీ అనుమానం. ఇరవై ఏళ్ళకు మొటిమలు తగ్గి, బుగ్గలమీద గుంటలు మిగిలాయి. నాన్నకు చూపు మందగించాక స్టూడియో ఆమె చేతికొచ్చింది. ఫోటోలో వెంట్రుక కదపాలన్నా ఆ మనిషిని పిలిచి, తెరముందు కూర్చోబెట్టి అడిగేది. "అన్నీ మమ్మల్నే అడిగితే నువ్వెందుకమ్మా?" అని విసుక్కునేవాళ్ళు కొందరు. వాళ్ళు వేరే స్టూడియోకి వెళ్ళిపోయేవాళ్ళు. పోనీలే అనుకునేది.

తొమ్మిదేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం వసపిట్ట వచ్చి గాజుబల్ల ముందు నిలబడింది. చదువు పూర్తయింది, షాపు లైసెన్సు తన పేరు మీదికి మార్చుకోవాలి, దానికి ఫోటో కావాలి.

"వీధి చివర ఇంకో స్టూడియో ఉందిగా," అంది చిట్టి. ఎందుకు వచ్చిందో అన్న అనుమానం అప్పుడు కూడా ముందు వచ్చింది.

"ఉంది. వాళ్ళని నమ్మలేను."

"నన్ను నమ్ముతావా?"

"నమ్మను. నువ్వు ఏం చేస్తావో నాకు తెలుసు కాబట్టి ఎక్కడ వెతకాలో తెలుసు."

ఫోటో తీశాక వసపిట్ట కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చుంది. "పెద్దది చెయ్యి. ఇంకా. చెవి దగ్గర చూపించు." దవడ దాకా మచ్చ అంచు వెంబడి వేలు పెట్టుకుంటూ సరిచూసుకుంది. "సరే. ప్రింటు తియ్యి."

ప్రింటరు నడుస్తుంటే చిట్టి ఉండబట్టలేక అడిగింది. "ఆ పెద్ద ఫోటో ఇంకా ఉందా?"

వసపిట్ట మొహంలో పాత కొంటెతనం తొంగిచూసింది. "నాలుగేళ్ళుంది. నేను సెలవులకి వచ్చినప్పుడు మా అమ్మ స్నేహితురాలొకావిడ చూసి, 'ఈ అమ్మాయెవరు?' అంది. మా అక్కండీ, పోయింది, అన్నా. ఆవిడ పాపం కళ్ళు తుడుచుకుంది. జబ్బు చేసిందా అని అడిగింది. లేదండీ, మంచికే పోయింది అన్నా. మా అమ్మ టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఆవిడ వెళ్ళాక ఏమీ అనకుండా కుర్చీ వేసుకుని ఎక్కి దించేసింది. పాతవన్నీ మళ్ళీ పెట్టింది."

ఇద్దరూ నవ్వారు. నవ్వు తగ్గాక చిట్టి తెరవైపు చూస్తూ అంది. "కెప్టెన్ అన్న మాట. అప్పుడు కాదన్నా కదా. కొంచెం నిజమేనే."

"తెలుసు," అంది వసపిట్ట. "నేను నీ పక్కన ఉన్నది మాత్రం ఎందుకనుకున్నావ్? అంతలేసి మొటిమలు చూస్తూ జనం నన్ను కాసేపు వదిలేస్తారనే."

ఆ మాటకు నవ్వాలో నొచ్చుకోవాలో చిట్టికి తెలీలేదు. నొచ్చుకుంది కొంచెం. ఇన్నేళ్ళూ తప్పంతా తనొక్కదాని నెత్తినే మోసింది కదా, అది కాస్త దిగింది కూడా.

ఆ తర్వాత వాళ్ళు మళ్ళీ ఒకే బెంచీ స్నేహితులు కాలేదు. ఎదురుపడితే మాట్లాడుకుంటారు, జ్వరమొస్తే చిట్టి ఆ షాపుకే వెళ్తుంది. వసపిట్ట షాపులో ఎవరితోనైనా నవ్వుతూ కనపడితే చిట్టి మెడ ఇప్పటికీ అటు తిరుగుతుంది. చిట్టి తీసిన ప్రతి ఫోటోనీ వసపిట్ట ఇప్పటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి చూస్తుంది. ఇద్దరికీ ఈ సంగతి తెలుసు. ఎవరూ మానుకోమని అడగలేదు.

మొన్నామధ్య వసపిట్ట వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడకు పెన్షను కాగితాల కోసం ఫోటో కావాలి. ఆవిడ స్టూలు మీద ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఫోటో అయ్యాక తెరమీద తనను చూసుకుని గాభరా పడిపోయింది. "అయ్యో, ఇన్ని ముడతలేంటే! కాస్త తీసెయ్యమ్మా, నీకు చేతనవును కదా."

చిట్టి చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. వెనక్కి తిరిగి వసపిట్ట వైపు చూసింది.

"నా వంక చూస్తావేం? ఆవిడ మొహం, ఆవిడే అడుగుతోంది," అంది వసపిట్ట, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "తియ్యి. నేను చూస్తుంటా."

చిట్టి నుదుటిమీద రెండు ముడతలు తీసి, కళ్ళ కింద ఒకటి పలచన చేసింది. ఆవిడ ప్రింటు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "పిసినారిదానా," అంది, "ఇంకో నాలుగు తీస్తే నీ సొమ్మేం పోయింది?"

వసపిట్ట ఫోటో లాక్కుని, గుమ్మం దగ్గర వెలుతురులోకి నడిచింది.